ఒత్తులు లేని పాటలు

పోయిన నెలలో వట్లూరు వైపు ఏదో కాలేజీలో తెలుగు చెబుతున్న లెక్చరరమ్మ ఒకావిడ ఫోన్ చేసి, జిల్లాలో పిల్లల కోసం రాసినవాళ్ళ వివరాలన్నీ ఒకచోట చేరుస్తున్నామనీ, ఫోన్‌కి ఒక ఫారం పంపిస్తాననీ, తీరిక చూసుకుని నింపి పెడితే చాలుననీ ఎంతో మర్యాదగా అడిగింది. తీరిక తప్ప మరేమీ లేని రోజులివి కనుక ఆ సాయంత్రమే కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం దాకా బాగానే నడిచింది. అచ్చయిన పుస్తకాలు అన్నచోట కాస్త ఆగాను. నేను రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ నా పేరున్న పుస్తకం ఒక్కటీ లేదు. దాని కింద, మీ రచనల్లోని ప్రత్యేకత ఏమిటి అని ఒక గడి ఉంది. చాలాసేపు దాన్నే చూసి, చివరికి 'ఒత్తులు ఉండవు' అని కొట్టాను. వెంటనే చెరిపేశాను. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా ఆవిడ ఏమిటని అడిగితే చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వి, నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆ గడి ఖాళీగానే పంపేశాను. చిన్న గడిలో పట్టే సంగతి కాదది. కానీ నా ఈడువాళ్ళు, పలక మీద బలపంతో కకారానికి ఒత్తు, మకారానికి ఒత్తు దిద్ది వేళ్ళు నొప్పెట్టినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు కనుక, మీకైతే చెప్పుకోవచ్చుననిపించింది.

మాది ముదినేపల్లి దగ్గర చిన్న పల్లె. మా నాన్నకి కొద్దిపాటి వరిచేను ఉండేది, మా మేనమామకి కొల్లేటి లంకల్లో పడవ ఉండేది. చేను కంటే పడవే నాకు ఎక్కువ ఇష్టం. చలికాలం వచ్చిందంటే చాలు, మేనమామ వెనకాల పడవెక్కి, తామరాకుల మధ్య నుంచి, తూటికాడల మధ్య నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలిన పిట్టల్ని చూస్తూ, బడి సంగతే మరిచిపోయేవాణ్ణి. తరవాత తెలుగు పండితుణ్ణయి, పెంటపాడు వైపు ఒక ప్రైవేటు బడిలో చేరి, పిల్లలకి పద్యాలు ఎక్కించలేక నేనే చిన్న చిన్న పాటలు కట్టడం మొదలుపెట్టాను. వాటిలో కొన్ని పత్రికల పిల్లల పేజీల్లో నా పేరుతో పడ్డాయి. ఎప్పటికైనా కొల్లేటి మీద, ఆ పిట్టల మీద, ఆ పడవల మీద పిల్లల కోసం ఒక పాటల పుస్తకం రాయాలనీ, అట్ట మీద నా పేరుండాలనీ నాకు ఒకే ఒక కోరిక ఉండేది. ఈ వయసులో దాచుకోవడమెందుకు, అది కోరిక కూడా కాదు, పిచ్చి.

రెండువేలవ సంవత్సరం దాటిన కొత్తలో మా బడి రాత్రికి రాత్రి కాన్వెంటు అయిపోయింది. మగపిల్లలకి టైలు, ఆడపిల్లలకి నడుముకి బెల్టులు వచ్చాయి. తెలుగు పీరియడ్లు వారానికి రెండయ్యాయి, ఆ రెంటికి నా అవసరం లేదన్నారు. అలా పనిలేకుండా తిరుగుతున్న రోజుల్లో, ఏలూరులో, పవరుపేట స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ప్రెస్సు యజమాని కబురంపారు. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు. ఎల్కేజీ, యూకేజీ, ఒకటో తరగతి పిల్లల కోసం తెలుగు వాచకాలు, పాటల పుస్తకాలు వేసి చుట్టుపక్కల కాన్వెంట్లన్నిటికీ ఇచ్చేవారు. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం.

పెద్దాయన లాంటి మర్యాదస్థుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. తనకంటే పాతికేళ్ళు చిన్నవాణ్ణి, పనికోసం వచ్చినవాణ్ణి, నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "రండి మాస్టారూ, కూర్చోండి, మీ పాటలు చదివానండీ, ఎంత బాగున్నాయండీ" అన్నారు. కాఫీ తెప్పించారు. నేను తాగేదాకా పని సంగతి ఎత్తలేదు. తాగాక మాత్రం, ఒకే ఒక్క నియమం ఉందండీ, ఏమీ అనుకోరు కదా అని, చేతులు నులుముకుంటూ చెప్పారు. పాటల్లో ఎక్కడా ఒత్తు ఉండకూడదు. ఒక్కటి కూడా. పసివాళ్ళండీ, అక్షరాలూ గుణింతాలూ వస్తే చాలదాండీ, ఆ కింద వేలాడే వాటితో ఇప్పట్నుంచీ ఎందుకండీ బాధ పెట్టడం, అన్నారు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. నెల్లాళ్ళ పనే అనుకుని తల ఊపాను.

ఆ రోజు మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాక గానీ నేను దేనికి తల ఊపానో నాకు తెలియలేదు. అమ్మ పోయింది. నాన్న పోయాడు. అక్క, చెల్లి, అన్నయ్య, తమ్ముడు అందరూ ఒక్క దెబ్బతో పోయారు. తాత, మామ, బావ, వదిన మిగిలారు. అన్నం లేదు. కూడు అని రాస్తే, కూడు వద్దండీ, మోటుగా ఉంటుంది, గారెలు అనండి అన్నారు పెద్దాయన. అందుకని నా పాటల్లో అందరూ పొద్దుగూకులూ గారెలూ బూరెలూ జామకాయలే తింటారు. ఇల్లు లేదు, చెట్టు లేదు, నవ్వు లేదు, నిద్ర లేదు. అన్నిటికంటే విడ్డూరం, పిల్లల పాటల్లో పిల్లలు అన్న మాటే లేదు. ఊళ్ళలో ఏలూరు ఉంది, గూడెం ఉంది, పెంటపాడు ఉంది. నేను పుట్టిన ముదినేపల్లి లేదు. కొల్లేరు అసలే లేదు.

అయినా కుర్రతనం, పట్టుదల. కాళ్ళు కట్టేసినా గెంతి చూపిస్తాననే పొగరు. నాలుగు రోజులు జుట్టు పీక్కుని మొదటి పాట రాశాను.

పడవ మీద తాత,
పడవ లోన మేక,
మేక నోట ఆకు,
ఆకు మీద ఈగ.

ఆ ఏడాది జూన్ నెలలో బళ్ళు తెరిచాక నేను బస్సులో ఎక్కడికి పోతున్నా ఏదో ఒక కాన్వెంటు కిటికీలోంచి ఆ మేక వినబడేది. భీమడోలులో వినబడింది, గూడెంలో వినబడింది. సంతోషపడలేదంటే అబద్ధం. కానీ పుస్తకం లోపలి పేజీలో రచన అన్నచోట 'సంపాదక వర్గం' అని ఉండేది. నేను ఒక్కణ్ణే వర్గం.

మా ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పని ఒక భాయి చేసేవాడు. వాళ్ళింట్లో తాతల కాలం నుంచీ పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు, ఈ తరంలో ఈయన కంప్యూటరు నేర్చుకున్నాడు. నా రాత మీద ఆయనది పోలీసు చూపు. ఎక్కడైనా పరధ్యానంలో ఒత్తు పడితే, "మాస్టారూ, దొరికిందండీ!" అని అరిచేవాడు. నా పేరులోనే రెండు ఒత్తులున్నాయండీ, మీ పుస్తకంలో నేను పుట్టనే లేదండీ, అని ఏడిపించేవాడు. ఆయన కూర్చిన కాగితాలు పెద్దాయన ఇంట్లోకి, అంటే ప్రెస్సు వెనక వాటాలోకి వెళ్ళి, ప్రూఫు దిద్దుకుని తిరిగి వచ్చేవి. ఆ దిద్దుబాట్లు ఎర్ర పెన్సిలుతో, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలతో ఉండేవి. మార్జినులో ఒక్కోసారి 'మేక పాట బాగుంది' అనీ, 'తాత ఏడి?' అనీ ఉండేది. పెద్దాయనే పిల్లలా ఆలోచించి సరదాగా రాస్తున్నారనుకుని మురిసిపోయేవాణ్ణి.

రెండో ఏడు గడిచేసరికి సరదా తీరిపోయింది. ఎన్ని మాటలని తిప్పి తిప్పి వాడతాం? వాన, పడవ, కాకి, మేక, ఆవు, దూడ, పాప. మానేస్తానని చెప్పడానికి ఎన్నిసార్లు ఆయన గదిలోకి వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళగానే ఆయన లేచి నిలబడేవారు. కాఫీ వచ్చేది. నేను చెప్పేది చివరిదాకా, ఒక్కసారి కూడా అడ్డు రాకుండా వినేవారు. "అలాగేనండీ, తప్పకుండానండీ, మీకు ఎక్కడ బాగుంటే అక్కడే ఉండాలండీ. ఈ ఒక్క పుస్తకం మీ చేత్తో అయిపోతే..." అనేవారు. కేకలేసే యజమాని అయితే నేనూ ఒక కేకవేసి గుమ్మం దిగిపోయేవాణ్ణి. మన వైపు మర్యాద సంగతి మీకు తెలుసు కదా, ఎదుటివాడు అండీ అన్నకొద్దీ మన గొంతు దిగిపోతుంది. ప్రతిసారీ కాఫీ తాగి, మిగిలిన పాటలు ఒప్పుకుని, ఇవతలికి వచ్చేవాణ్ణి.

ఈలోగా ఆ నియమం పుస్తకం దాటి నా ఒంట్లోకి వచ్చేసింది. ఒకనాడు మా ఆవిడ కూరలకి పంపింది, ఆవిడ చెబుతుంటే నేనే చీటీ రాసుకున్నాను. వంకాయలు, బీరకాయలు, దోసకాయ తెచ్చాను. సంచీ అంతా తిరగేసి చూసి, "ఏవండీ, ఉప్పేదండీ? ఉల్లిపాయలేవండీ? పచ్చిమిరపకాయలు చెప్పానా లేదా?" అంది. చీటీ చూసుకుంటే అవి లేవు. ఆవిడ చెప్పింది, నేను విన్నాను, నా చెయ్యి రాయలేదు. ఆ వేళ ఇద్దరం నవ్వుకున్నాం గానీ, నాకు లోపల భయమేసింది.

నాలుగో ఏడు మాఘమాసంలో విజయవాడ నుంచి ఒక పిల్లల పత్రిక సంపాదకుడి ఉత్తరం వచ్చింది. నా పాత పాటలు గుర్తుపెట్టుకుని రాశారాయన. కొల్లేటి మీద పన్నెండు పాటలు కావాలి, నెలకొకటి వేస్తాం, ఏడాది తిరిగాక పుస్తకంగా తెస్తాం, అట్ట మీద మీ పేరు ఉంటుంది, మొదటి పాట ఉగాదికల్లా పంపండి అన్నారు. ఆ ఉత్తరాన్ని నేను ఎన్ని మడతలు పెట్టి ఎన్నిసార్లు విప్పానో చెబితే నవ్వుతారు. ఒప్పుకున్నానని ఆ రోజే జవాబు రాసి డబ్బాలో వేశాను. ఇక ప్రెస్సు వదిలెయ్యాలి. కాఫీకి లొంగకూడదు. మాటలతో చెబితే ఆయన మర్యాదతో గెలుస్తారు కనుక, చేత్తో చెప్పాలనుకున్నాను. ఆ ఏటి పుస్తకం చివరి పాటలో కావాలనే 'కొల్లేరు' అని రాశాను. భాయి కళ్ళు పెద్దవి చేసి చూశాడు. వెయ్యండి భాయీ, నేను చూసుకుంటాను అన్నాను. ప్రూఫు లోపలికి వెళ్ళింది. కోప్పడి పొమ్మంటారు, హాయిగా పోతాను అనుకుని, ఆ రెండు రోజులూ ఈల వేసుకుంటూ తిరిగాను.

మూడోరోజు ప్రూఫు వచ్చింది. కొల్లేరు అన్న మాటలో ల కింద ఉన్న ఒత్తు చుట్టూ మాత్రం ఎర్ర పెన్సిలుతో చక్కగా సున్నా చుట్టి ఉంది. పక్కన, 'ఇచట మసి పడినది' అని ఉంది. దాని కింద ఇంకొక వరస. 'కొలేరు అనగా ఏమి?'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏలూరులో కూర్చుని కొల్లేరు అనగా ఏమి అని అడగడం ఎంత వెటకారం! కాగితం పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఇదేం వేళాకోళమండీ, అని గట్టిగానే అడిగేశాను. ఆయన ఎప్పట్లాగే లేచి నిలబడ్డారు. కాగితం తీసుకుని చూశారు. కాఫీ చెప్పలేదు. ఇటు రండి మాస్టారూ అని మొదటిసారి నన్ను వెనక వాటాలోకి తీసుకెళ్ళారు.

అక్కడ వరండాలో చాప మీద ఒకావిడ కూర్చుని అచ్చయిన పుస్తకం కాగితాలు మడతలు పెడుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. ముక్కుమీదికి జారిన కళ్ళజోడు, చెవి వెనక ఎర్ర పెన్సిలు. పెద్దాయన కూతురు. ఆ ఇంట్లో ఒక కూతురు ఉందని తెలుసు గానీ, ఎప్పుడూ బయటికి వచ్చేది కాదు. నన్ను చూసి కంగారుగా లేచి, "మాస్టారాండీ? మేక పాట మాస్టారేనాండీ?" అని, ఏమనాలో తోచక లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. మళ్ళీ గదిలోకి వచ్చాక పెద్దాయన తలుపు దగ్గరగా వేసి చెప్పారు.

ఆవిడ రెండో తరగతిలో ఉండగా ఆయనే ఆ బడిలో మాస్టరు. డిక్టేషనులో పుస్తకం అని చెబితే ఆ పిల్ల పుసకం అని రాసింది. కన్నకూతురు కదా అని ఊరుకున్నాడంటారేమోనని, అందరి పిల్లల కంటే ఎక్కువగా, బెత్తంతో వేళ్ళ కణుపుల మీద కొట్టారు. "నాన్నే కదా, కొట్టడు అనుకుందేమోనండీ, చెయ్యి వెనక్కి కూడా తీసుకోలేదు" అన్నారు. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక పుస్తకాల సంచీ కనబడితే చాలు వాంతి చేసుకునేది. బడి ఆగిపోయింది. అక్షరాలు, గుణింతాలు వచ్చు, అక్కడితో సరి. కింద ఒత్తు కనబడితే ఆ కాగితమే పక్కన పెట్టేసేది. గోడ మీద బోర్డు, కేలండరు, ఏదైనా సరే చూడనట్టు తల తిప్పుకునేది. చాలా ఏళ్ళు అసలేమీ చదవలేదు. రిటైరయ్యాక ఆయన ఆ ప్రెస్సు పెట్టిందే ఆవిడ చదవగలిగేది ఒకటి అచ్చువెయ్యాలని. పిల్లలూ, వాళ్ళ బాధా అంతా తరవాత కలుపుకున్న మాట. ఆయన వేసిన అన్ని పుస్తకాలకీ మొదటి పాఠకురాలు ఆవిడే. వాటిలో ఒత్తు ఉండదని అంత నమ్మకం కనుకే, నేను రాసిన ఒత్తుని మసి అనుకుంది.

అంతా చెప్పి, పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. పుస్తకం ఏడాదికి ఒక్కటే వస్తుందండీ, ఒక్క పూటలో చదివేస్తుంది, మళ్ళీ ఏడాదిదాకా దాన్నే తిప్పి తిప్పి చదువుకుంటుంది. వారానికి ఒక కాగితం, ఒక చిన్న కథ, పెద్దవాళ్ళు చదువుకునే లాంటిది, ఒత్తు లేకుండా మీరు తప్ప ఇంకెవరు రాయగలరండీ, అన్నారు. తండ్రి వయసున్న మనిషి కళ్ళలో నీళ్ళు. నేర్పిద్దామండీ, ఒత్తులంటే ఏముందండీ, నేను నేర్పుతాను అన్నాను. వద్దండీ, వద్దండీ, మీకు దండం పెడతాను, మళ్ళీ ఆ జ్వరం చూడలేనండీ అన్నారు. విజయవాడ ఉత్తరం నా జేబులోనే ఉంది. దాని సంగతి ఎత్తలేదు. అలాగేనండీ అన్నాను.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ ముందు కంచం పెట్టింది. తరవాత, "రాయండి, పాపం. మరి మీ కొల్లేరో?" అంది. రెండూ రాస్తాను అన్నాను. అప్పటికి నిజంగా అలాగే అనుకున్నాను.

శుక్రవారం శుక్రవారం ఒక కాగితం. పెద్దవాళ్ళ కథ ఒత్తులు లేకుండా రాయడమంటే మాటలా? భర్త లేడు, భార్య లేదు, పెళ్ళి లేదు, కన్నీళ్ళు లేవు. ప్రతి మాటా పది మాటల్ని దాటుకుని రావాలి. సోమవారం మొదలుపెడితే శుక్రవారం పొద్దున్నకి అతికష్టం మీద తేలేది, శనివారం ఒళ్ళు తెలియకుండా పడుకునేవాణ్ణి, ఆదివారం నుంచి మళ్ళీ వచ్చే వారం భయం పట్టుకునేది. ఉగాది వెళ్ళిపోయింది. సంపాదకుడి దగ్గర నుంచి రెండు కార్డులు వచ్చాయి, మూడోది రాలేదు. ఒకటి రెండుసార్లు పట్టుపట్టి కొల్లేటి పాట మొదలుపెట్టాను. మొదటి మాటే రాదు. పేరు రాయకుండా చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి, పెద చెరువు అనీ, నీటి ఊరు అనీ. కొల్లేటిని ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టిన ఏడాది మా మేనమామ కబురుచేస్తే లంకకి వెళ్ళాను. కూలిన గట్ల మధ్య, బురదలో, ఏది చెరువో ఏది కొల్లేరో తెలియకుండా ఉంది. ఇది పోతోంది, ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను అని ఒడ్డున నిలబడి ఏడ్చాను. ఏడ్చి, మర్నాడు గురువారం కనుక బస్సెక్కి వచ్చేశాను.

పెద్దాయన కూతుర్ని నేను అప్పటికి అక్కగారు అనడం మొదలుపెట్టాను. ఆవిడ చదివి పంపిన కాగితం మీద మాత్రం ప్రతి వారం ఎర్ర పెన్సిలుతో ఏదో ఒక మాట వచ్చేది. 'ఈ కథ ఇంకా కావాలి' అనీ, 'ఆ వదిన పాపం' అనీ. దాని కోసం ఎదురుచూసేవాణ్ణి. అదీ నిజమే. అంత శ్రద్ధగా చదివే మనిషి నాకు అంతకుముందు లేరు, తరవాతా లేరు.

ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి పెద్దాయన మంచాన పడి, ఒక నెలలోనే వెళ్ళిపోయారు. ప్రెస్సు మూతపడింది. భాయి ఫ్లెక్సీలు వేసే దుకాణం పెట్టుకున్నాడు. అక్కగారిని ఆవిడ తమ్ముడు గూడెం తీసుకెళ్ళిపోయాడు. ఆయనది అక్కడ ఉల్లిపాయల వ్యాపారం. రెండు నెలలయ్యాక పరామర్శకని ప్యాసింజరెక్కి వెళ్ళాను. ఎంత పిచ్చివాణ్ణో చూడండి, సంచీలో ఆ రెండు నెలల కాగితాలూ ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా రాశాను.

మార్కెట్టు వీధిలో, ఉల్లిపాయల ఘాటు ముక్కుకి తగిలే ఆ ఇంటి అరుగు మీద అక్కగారు ఎండకి వీపు పెట్టి కూర్చుని, పేపరు చదువుకుంటోంది. బొమ్మలు చూడడం కాదు. పెదాలు కదుపుతూ, వేలితో వరసలు దాటుతూ, లోపలి పేజీలో చిన్న అక్షరాల వార్త. నేను ఎదురుగా నిలబడ్డా తెలియలేదు. తెలిశాక మాత్రం పేపరు చీరకొంగు కింద దాచబోయి, దాచలేక, నవ్వలేక, "మాస్టారూ, కూర్చోండి" అంది.

ఎప్పటి నుంచండీ అన్నాను. మంచినీళ్ళైనా తీసుకోలేదు.

నా కాగితాలు మొదలైన రెండో ఏడు వేసవిలో తమ్ముడి కూతురు సెలవులకి వచ్చిందట. ఆ పిల్ల ఒత్తుల కాపీ పుస్తకం ఈవిడ పక్కనే కూర్చుని రాసేదట. భయం భయంగా చూస్తూ చూస్తూ ఉండగా నెల్లాళ్ళలో అన్నీ వచ్చేశాయట. జ్వరం రాలేదు. వాంతి రాలేదు. మరి చెప్పలేదేమండీ అంటే, తల వంచుకుని, "చెబితే మీ కాగితం ఆగిపోతుందేమోనని భయమేసిందండీ. మీకూ అలా రాయడమే సరదా ఏమో అనుకున్నానండీ" అంది. నాన్నగారికి తెలియదా అన్నాను. పేపరు మడత పెడుతూ చెప్పింది. "తెలుసేమోనండీ. ఒకసారి నా చేతిలో పేపరు చూసి, ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు."

ఆ వేసవి తరవాత నేను ఇంకా నాలుగేళ్ళు రాశాను.

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు అని రాస్తే బాగుంటుంది గానీ, ఆవిడ మీదే. ఆయన మీద కూడా. అందరమూ ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ఒకరి ముందు ఒకరం లేచి నిలబడి, అండీ అండీ అనుకుంటూ, నా మంచి ఏళ్ళన్నీ అలా గడిపేశాం. గట్టిగా నాలుగు మాటలు అనాలనే నోరు తెరిచాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక ట్రంకుపెట్టె లాక్కొచ్చి మూత తీసింది. నా శుక్రవారాలన్నీ అందులో ఉన్నాయి, వరసగా, దారంతో కుట్టి, ఒక్క కాగితం నలగకుండా. ఇంకేమంటాను? సంచీలో ఉన్నవి కూడా తీసి ఇచ్చేసి, కాఫీ తాగి వచ్చేశాను. తిరుగు రైలులో పూళ్ళ స్టేషను దాటేదాకా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ తరవాత ఎవరిని తిడుతున్నానో తెలియక మానేశాను.

ఇన్నేళ్ళ తరవాత తలుచుకుంటే ఎవరి మీదా కోపం లేదు. పెద్దాయన లాంటి మర్యాదలు ఇప్పుడు ఎక్కడా లేవు, అవి లేకపోవడమే మంచిదని ఒక పూట అనిపిస్తుంది, ఇంకో పూట ఆ మనిషి లేచి నిలబడిన తీరు గుర్తొచ్చి బెంగ పుడుతుంది. పిల్లల పత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేక పాట ఏ కిటికీలోంచీ వినబడడం లేదు. పలకలు లేవు, బెత్తాలు లేవు, అది చాలా సంతోషం. ఒత్తు తప్పిందని పిల్లల్ని కొట్టేవాళ్ళెవరూ లేరు, తప్పిందని కనిపెట్టేవాళ్ళూ తగ్గిపోయారు. మా తమ్ముడి మనవరాలు మూడో తరగతి, ఫోన్‌లో నాకు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాలతో రాసి పంపుతుంది. దానికి ఒత్తంటే ఏమిటో తెలియదు, భయమూ తెలియదు.

పోయిన ఆదివారం అది మా ఇంటికి వచ్చి, కొల్లేటి పిట్టలు చూడ్డానికి స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారని, పెద్ద సంచీలాంటి గొంతున్న పిట్టని చూశానని చేతులు చాపి చెప్పింది. గూడబాతు! నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళెవరు? అక్షరాలన్నీ నావే. దాన్ని కూర్చోబెట్టి, అప్పటికప్పుడు కాగితం తీసి నాలుగు వరసలు రాసి, రాగం తీసి చదివి వినిపించాను.

గూడబాతు మామ
గూడు వదిలి పోడు,
చేప లేకపోయినా
చెరువు దాటి పోడు.

అది బుగ్గన వేలు పెట్టుకుని శ్రద్ధగా వింది. ఇంకోసారి చదవమంది. చదివాను. "పాపం తాతయ్యా, దానికి రెక్కలు లేవా?" అని అడిగింది.

కాగితం వంక చూసుకున్నాను. నాలుగు వరసల్లో ఎక్కడా, ఏ అక్షరం కిందా ఏమీ లేదు. రెక్క అని రాయాలంటే క కింద ఇంకొకటి పెట్టాలి.

ఉన్నాయమ్మా, నేనే రాయడం మరిచిపోయాను, అన్నాను.